హైదరాబాద్ నుంచి షికాగో: దూరం ఒక్కటే, గంటలే వేరు

శంషాబాద్ విమానాశ్రయం నుంచి షికాగోలోని ఓహేర్ విమానాశ్రయానికి అతి దగ్గరి దారి సుమారు 13,280 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుంటే పద్నాలుగు గంటల ముప్పావులో చేరిపోవాలి. కానీ 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానాన్ని మొదలుపెట్టినప్పుడు టైంటేబుల్‌లో వేసుకున్న సమయం 16 గంటల 45 నిమిషాలు. ఆ సర్వీసు ఆగిపోయాక, మధ్యలో ఎక్కడో ఒకచోట విమానం మారి వెళ్లేవారికి అదే ప్రయాణం ఇరవై నుంచి ఇరవై నాలుగు గంటలు పడుతోంది. రెండు ఊళ్లూ ఉన్నచోటే ఉన్నాయి, మధ్య దూరంలో అంగుళం తేడా రాలేదు. గంటలు మాత్రం ఏడాదికోలా, ఒక్కోసారి రోజుకోలా మారుతుంటాయి. అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇంట్లో ‘ఎన్ని గంటల ప్రయాణం?’ అన్నది మామూలు ప్రశ్నే. దానికి ఒక్క ముక్కలో జవాబు దొరకదు. భూమి ఆకారం, పైన వీచే గాలి, దేశాల మధ్య తగాదాలు, రెక్కల్లో మోసే ఇంధనం బరువు, ఇవన్నీ ఆ జవాబులో వాటా అడుగుతాయి.

దారం వేసి కొలిస్తే

బడి గోడకు వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి హైదరాబాద్ నుంచి షికాగోకు గీత గీస్తే, అది అరేబియా సముద్రం దాటి ఒమన్, సౌదీ అరేబియా, ఈజిప్టు, అల్జీరియా, మొరాకోల మీదుగా అట్లాంటిక్‌లోకి దిగి, న్యూజెర్సీ దగ్గర అమెరికా గట్టెక్కుతుంది. చూడ్డానికి ఇంతకన్నా తిన్నని దారి ఉండదు. ఆ దారినే పట్టుకుపోతే మాత్రం సుమారు 16,100 కిలోమీటర్లు అవుతుంది. అసలు దగ్గరి దారికన్నా ఇది 2,800 కిలోమీటర్లు ఎక్కువ. విమానంలో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చినా ఇంకా మిగిలిపోయేంత దూరమన్నమాట.

తప్పు స్కేలుది కాదు, పటానిది. గుండ్రటి భూమిని పలకలా పరచాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. గెరార్డస్ మెర్కేటర్ 1569లో గీసిన పద్ధతి ధ్రువాల వైపు పోయేకొద్దీ నేలను సాగదీస్తుంది. ఆ పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు పెద్దది. దిక్సూచి ముల్లును ఒకే కోణంలో పట్టుకుని ఓడ నడుపుకొనే నావికులకు ఆ పటం బంగారం. దూరం కొలవాలనుకునేవారిని మాత్రం అది నాలుగు వందల యాభై ఏళ్లుగా మోసం చేస్తూనే ఉంది.

గ్లోబు మీద దారంతో కొలిస్తే సంగతి వేరేగా ఉంటుంది. ఒక కొసను హైదరాబాద్ మీద, రెండో కొసను షికాగో మీద పెట్టి బిగించి లాగితే దారం పడమరకు పోదు, ఉత్తరానికి లేస్తుంది. భోపాల్ పక్కగా, ఢిల్లీకి కాస్త పడమరగా, పంజాబ్ మీదుగా కశ్మీర్, కారకోరం శిఖరాలు దాటుతుంది. తజికిస్తాన్, కజఖ్‌స్తాన్, రష్యాలోని ఉరల్ పర్వతాలు, బారెంట్స్ సముద్రం మీదుగా సాగి, నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర దాదాపు 79వ అక్షాంశం తాకుతుంది. ఉత్తర ధ్రువం అక్కడికి పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి కిందికి వంగి గ్రీన్‌లాండ్, కెనడాలోని బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతం, ఒంటారియో దాటుకుని షికాగో చేరుతుంది. అమెరికా పడమటి దేశమే అయినా, తెలంగాణ నుంచి దానికి దగ్గరి దారి ఉత్తరపు దిక్కున ఉంది.

ఆ దారాన్ని గ్లోబు చుట్టూ పొడిగిస్తే భూమిని సరిగ్గా రెండు సగాలు చేస్తుంది. ఇలాంటి గీతను మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. ఎదురెదురు రేఖాంశాలు రెండు కలిస్తే అదీ మహావృత్తమే. గోళం మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా అతి దగ్గరి దారి వాటిని కలిపే మహావృత్తం మీదే ఉంటుంది. రెండు ఊళ్ల అక్షాంశాలు, రేఖాంశాలు తెలిస్తే ఇంటర్మీడియట్ త్రికోణమితితోనే ఈ దూరం కట్టేయవచ్చు.

అయినా వేర్వేరు చోట్ల చూస్తే పది, ఇరవై కిలోమీటర్ల తేడా కనబడుతుంది. అందుకు కారణముంది. భూమి అచ్చమైన గోళం కాదు; మధ్యలో దాని వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ నొక్కుడును లెక్కలోకి తీసుకున్నవారికి ఒక అంకె, తీసుకోనివారికి మరో అంకె వస్తుంది. పైగా కొందరు చార్మినార్ నుంచి కొలుస్తారు, కొందరు రన్‌వే నుంచి. యూనిట్ల గందరగోళం వీటికి తోడు. ఇదే దూరం అమెరికా రోడ్డు మైళ్లలో 8,250 అవుతుంది, పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో 7,170 అవుతుంది. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు. రెండిటినీ ‘మైళ్లు’ అనే రాసేయడంతో చదివేవారికి వెయ్యి మైళ్లు ఎటు పోయాయో అంతుపట్టదు.

భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దూరం సుమారు ఇరవై వేల కిలోమీటర్లు మించదు. అది భూమి చుట్టుకొలతలో సగం. హైదరాబాద్‌కు సరిగ్గా అవతలి వైపున్న చోటు పసిఫిక్ మహాసముద్రంలో, ఈస్టర్ దీవికి ఈశాన్యాన పడుతుంది. అక్కడ నీళ్లే తప్ప నేల లేదు. ఆ కొలమానంతో చూస్తే షికాగో భూగోళంలో మూడింట రెండు వంతుల దూరాన ఉన్నట్టు.

అరవై రోజుల దారి

ఈ రెండు ఊళ్లను కలిపిన ప్రయాణాల్లో అందరికీ తెలిసినది స్వామి వివేకానందది. 1893 ఫిబ్రవరి 13న ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్లదలచాడో చెబుతూ ఉపన్యసించాడు. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కాడు. కొలంబో, పెనాంగ్, సింగపూర్, హాంకాంగ్, జపాన్ రేవులు తిరిగి, యొకొహామాలో మరో ఓడ ఎక్కి, జూలై 25న కెనడాలోని వాంకూవర్‌లో దిగాడు. అక్కడి నుంచి రైలు. షికాగో చేరింది జూలై 30న. బొంబాయి నుంచి సరిగ్గా అరవై రోజులు. ఆయన తూర్పు దిక్కుగా వెళ్లి అమెరికా చేరడం ఈ తరానికి వింతగా తోచవచ్చు. భూమికి దాదాపు అవతలి వైపున్న ఊరికి తూర్పు నుంచి వెళ్లినా పడమర నుంచి వెళ్లినా పెద్ద తేడా ఉండదు.

విమానాలు వచ్చాక రోజులు గంటలయ్యాయి, కాకపోతే మజిలీల మీదుగా. ఎయిర్ ఇండియా 1948 జూన్‌లో మొదలుపెట్టిన బొంబాయి–లండన్ విమానం కైరోలో, జెనీవాలో దిగి వెళ్లేది. 1960 మేలో బోయింగ్ 707 జెట్‌లు న్యూయార్క్‌కు నడవసాగాయి. ఒకే ఊపున పదమూడు వేల కిలోమీటర్లకు పైగా పోగల విమానాలు మాత్రం ఎక్కువగా ఈ శతాబ్దంలో వచ్చినవే. వాటిలో ముఖ్యమైనది బోయింగ్ 777-200 ఎల్‌ఆర్. 2005 నవంబరులో అలాంటి విమానం హాంకాంగ్ నుంచి తూర్పు దిక్కుగా రెండు మహాసముద్రాలు దాటి 22 గంటల 42 నిమిషాల్లో లండన్ చేరి, 21,602 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పింది. హైదరాబాద్–షికాగో దారిలో నడిచింది కూడా ఈ రకమే. అందులో 238 సీట్లు.

ఆ రెండు గంటలు ఎటు పోయాయి

పద్నాలుగు గంటల ముప్పావు లెక్కకూ, 16 గంటల 45 నిమిషాల టైంటేబుల్‌కూ మధ్య రెండు గంటల తేడా ఉంది. అందులో కొంత నేల మీదే ఖర్చవుతుంది. విమానయాన సంస్థల లెక్కలో ప్రయాణ సమయం అంటే గాల్లో ఉన్న సమయం కాదు. ఇక్కడ చక్రాల కింద దిమ్మెలు తీసినప్పటి నుంచి అక్కడ మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. గేటు నుంచి వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం, దిగాక మళ్లీ గేటు వెతుక్కోవడం అన్నీ దాని కిందికే వస్తాయి. ఓహేర్ లాంటి రద్దీ విమానాశ్రయంలో ఇదే అరగంట తినేస్తుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు విమానం పూర్తి వేగంతో పోదు. ‘సమయానికి చేరింది’ అనిపించుకోవడానికి సంస్థలు కొన్ని నిమిషాలు కలిపి రాసుకోవడమూ మామూలే.

మిగతాది గాలి చేతిలో ఉంటుంది. విమానం వేగం నేలతో కాదు, చుట్టూ ఉన్న గాలితో కొలిచేది. గంటకు 900 కిలోమీటర్ల విమానానికి వంద కిలోమీటర్ల గాలి ఎదురైతే నేల మీద దాని నీడ ఎనిమిది వందలే కదులుతుంది; అదే గాలి వెనక నుంచి తోస్తే వెయ్యి.

విమానాలు ఎగిరే తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు నదుల్లా ప్రవహించే గాలులు ఉన్నాయి. ఉష్ణమండలపు వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా గాలిని ఉత్తరానికి తోస్తుంది, భూభ్రమణం దాన్ని తూర్పుకు మళ్లిస్తుంది. వీటినే జెట్ స్ట్రీమ్‌లు అంటారు. చలికాలంలో వేడికీ చలికీ తేడా పెరుగుతుంది కాబట్టి ఇవీ బలపడతాయి. గంటకు రెండు, మూడు వందల కిలోమీటర్ల వేగం వాటికి లెక్కలోది కాదు. 1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసాబురో ఓయిషి బెలూన్లు వదిలి ఈ గాలులను కొలిచాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఫలితాలను ఎస్పెరాంటో భాషలో అచ్చేశాడు. దాంతో దాదాపు ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్లు గాల్లో నిలబడిపోయినంత పనయ్యాక గానీ వీటి సత్తా అందరికీ తెలిసిరాలేదు.

2020 ఫిబ్రవరిలో, బ్రిటన్ మీద కియారా తుపాను విరుచుకుపడుతున్నప్పుడు, న్యూయార్క్ నుంచి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి 4 గంటల 56 నిమిషాల్లో లండన్ చేరింది. ఆరున్నర, ఏడు గంటలు పట్టే దారి అది. ఒక దశలో నేలతో పోల్చిన దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అలాగని అది ధ్వని వేగాన్ని మించలేదు; గాలితో కలిసి కొట్టుకుపోయింది, అంతే.

గాలి దారిని ఎంత వంచగలదో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం 2016 అక్టోబరులో చూపించింది. అంతవరకూ అది అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ నెల నుంచి తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా వెళ్లసాగింది. కొత్త దారి 15,300 కిలోమీటర్లు, పాతదానికన్నా 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా తొలి విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరిపోయింది, పాత దారికన్నా దాదాపు రెండు గంటల ముందు. తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగానే సాగేది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వెనకగాలే. ఢిల్లీ నుంచి వెళ్లివచ్చినవారు తమకు తెలియకుండానే భూప్రదక్షిణ చేసేవారు.

హైదరాబాద్–షికాగో దారి స్వభావం వేరు. అది తూర్పుకూ కాదు, పడమరకూ కాదు. సగం ఉత్తరానికి, సగం దక్షిణానికి. జెట్ స్ట్రీమ్‌లను పొడవునా ఎదుర్కోదు, అడ్డంగా దాటుతుంది. ధ్రువం దగ్గర గాలులూ అంత బలంగా ఉండవు. అందుకే 2021 టైంటేబుల్‌లో షికాగో నుంచి వచ్చే విమానానికి 16 గంటల 40 నిమిషాలు వేశారు. వెళ్లడానికీ రావడానికీ అయిదు నిమిషాలే తేడా. న్యూయార్క్–లండన్ లాంటి తూర్పు పడమరల దారిలో ఈ తేడా గంట దాటుతుంది.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పైకెగిరి ఆగితే షికాగోనే కిందికి రాదా? రాదు. భూమితోపాటు గాలీ తిరుగుతోంది, ఎగరక ముందు నుంచే విమానమూ తిరుగుతోంది. భూభ్రమణం ప్రయాణికుడికి చేసే సాయమూ, పెట్టే బాధా ఆ గాలుల ద్వారానే.

కొండలు, చలి

గ్లోబు మీద దారం కారకోరం మీదుగా పోయినంత తేలిగ్గా విమానం పోలేదు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ గబగబా పది వేల అడుగుల ఎత్తుకు దించాలి. సీటు పైనుంచి వేలాడే మాస్కుల్లో ప్రయాణికులకు ఆక్సిజన్ అందేది సాధారణంగా పావుగంట లోపే. కింద ఇరవై వేల అడుగుల శిఖరాలుంటే దిగడానికి చోటే ఉండదు. కాబట్టి ఎత్తయిన పర్వతాలను తప్పించుకునేలా, ఎక్కడికక్కడ పక్కకు దిగే దారులు ముందే గీసుకుని వెళ్లాలి. దారి కాస్త వంగుతుంది, కిలోమీటర్లు పెరుగుతాయి.

ఉత్తరాన సమస్య చలి. బయట సున్నాకు దిగువన అరవై, డెబ్బై డిగ్రీలుంటే రెక్కల్లోని ఇంధనం మెల్లగా చల్లబడుతుంది. జెట్ ఎ-1 ఇంధనం గడ్డకట్టడం మొదలయ్యేది మైనస్ 47 డిగ్రీల దగ్గర. అమెరికాలో నింపే జెట్ ఎ అయితే మైనస్ 40 దగ్గరే. అందుకే ఒకే దారిలో వెళ్లేటప్పటికన్నా షికాగోలో ట్యాంకు నింపుకుని తిరిగివచ్చేటప్పుడు జాగ్రత్త ఎక్కువ. ఇంధనం హద్దుకు దగ్గరవుతుంటే పైలట్లు కిందికి దిగుతారు, వేగం పెంచుతారు, లేదా కాస్త వెచ్చని గాలి ఉన్న వైపు మళ్లుతారు. అయస్కాంత దిక్సూచి అక్కడ నమ్మదగింది కాదు. భూమధ్యరేఖ పైన ఉండే కమ్యూనికేషన్ ఉపగ్రహాలు ధ్రువం దగ్గర దిగంతం చాటున పడిపోతాయి కాబట్టి పాతకాలపు హెచ్‌ఎఫ్ రేడియో మీద ఆధారపడాలి. సూర్యుడి మీద తుపాను రేగితే అదీ పనిచేయదు. ఆ రోజు విమానాన్ని దక్షిణానికి జరుపుతారు. 78వ అక్షాంశానికి ఉత్తరాన ఎగిరేవాటికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ప్రత్యేక నిబంధనలు పెట్టింది. గడ్డకట్టే చలిలో విమానం బయటికి వెళ్లి పనిచేయాల్సి వస్తే వేసుకునే సూట్లు కనీసం రెండు విమానంలో ఉండాలన్నది వాటిలో ఒకటి.

రెండు ఇంజిన్ల విమానాలను ఇంత నిర్మానుష్యమైన చోట్లకు అనుమతించడమూ ఇటీవలిదే. 1950లలో అమెరికా నిబంధన ప్రకారం రెండు ఇంజిన్ల విమానం ఏదో ఒక విమానాశ్రయానికి గంట దూరంలోనే ఉండాలి. ఇంజిన్ల మీద నమ్మకం పెరిగేకొద్దీ అది 1985లో రెండు గంటలకు, 1988లో మూడు గంటలకు పెరిగింది. 2011లో బోయింగ్ 777కు అయిదున్నర గంటల దాకా అనుమతి వచ్చింది.

భారత్ నుంచి ధ్రువపు దారికి పేరు తెచ్చినది 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు వచ్చిన తొలి విమానం. నగరాల మధ్య నేరు దూరం దాదాపు 13,990 కిలోమీటర్లు. నడిపినవారంతా మహిళలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్షా సోనావరే, శివానీ మన్హాస్. సుమారు పదిహేడు గంటల ప్రయాణంలో ఉత్తర ధ్రువం పక్కగా వచ్చారు. ఇంత పొడవైన విమానంలో నలుగురు పైలట్లు ఉండేది ఆడంబరానికి కాదు. ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు పడుకోవాలి.

మూసుకున్న ఆకాశం

మహావృత్తం ఏ దేశాన్నీ అడగదు. విమానం అడగాలి. ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశం తన సొంతం. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో సోవియట్ ఆకాశం మూసి ఉండటంతో యూరప్ నుంచి జపాన్ వెళ్లే విమానాలు అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగి వెళ్లేవి. 1957లో కోపెన్‌హాగెన్–టోక్యో మధ్య ఆ దారి తెరిచింది స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్.

ఈ సంగతి భారత్–అమెరికా దారిలో గత కొన్నేళ్లుగా మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి తర్వాత పాకిస్తాన్ తన ఆకాశాన్ని జూలై దాకా మూసింది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కిన మర్నాడు, షికాగో నుంచి ఢిల్లీ వస్తున్న విమానం అఫ్గానిస్తాన్‌ను తప్పించుకుని షార్జాలో దిగి ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో అమెరికా విమానాలకు రష్యా ఆకాశం మూసుకుంది. ఎయిర్ ఇండియాకు మాత్రం తెరిచే ఉంది. ఒకే దారిలో పోటీదారుడు చుట్టు తిరిగి వెళ్తుంటే భారత విమానం నేరుగా పోసాగింది.

ఆ సౌకర్యానికి మరో ముఖం 2023 జూన్ 6న కనిపించింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానంలో ఒక ఇంజిన్ ఇబ్బంది పెట్టడంతో రష్యా తూర్పు కొసన మగదాన్ అనే చిన్న ఊళ్లో దించారు. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అంతమందికి సరిపడా హోటళ్లు అక్కడ లేవు. కొందరిని బడిలో, వసతి గృహాల్లో పడుకోబెట్టారు. భాష రాదు, తిండి కుదరదు. మరో విమానం భారత్ నుంచి వెళ్లి వారిని తీసుకుపోయేసరికి రెండు రోజులు గడిచాయి. పదహారు గంటల టికెట్ మీద ఇలాంటిది ఎక్కడా రాసి ఉండదు.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తాన్ మళ్లీ భారత విమానాలకు ఆకాశం మూసింది. హైదరాబాద్ నుంచి ఉత్తరానికి లేచే దారం సరిగ్గా అటువైపే పోతుంది కదా. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే విమానాలు గుజరాత్ వైపు దిగి, అరేబియా సముద్రం మీదుగా తిరిగి, కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఆగి ఇంధనం నింపుకుని వెళ్లాయి. ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఆ ఏడాది సెప్టెంబరు నుంచి ఆపేశారు. విమానాల కొరతతోపాటు ఈ చుట్టుతిరుగుడూ అందుకు చెప్పిన కారణమే.

ఇంధనాన్ని మోయడానికే ఇంధనం

బోయింగ్ 777-200 ఎల్‌ఆర్ గరిష్ఠ బరువు సుమారు 347 టన్నులు. ట్యాంకుల్లో 1,81,000 లీటర్లు పడుతుంది. అంటే 145 టన్నుల దాకా. షికాగో చేరేసరికి ఖర్చయ్యే ఇంధనం వంద టన్నులు దాటుతుంది. 238 మంది ప్రయాణికులు, వారి పెట్టెలు, పెట్టెల్లోని ఆవకాయ సీసాలు, అన్నీ కలిపినా పాతిక టన్నులకు మించవు. మనుషుల బరువుకు నాలుగింతల ఇంధనం. దానిలో పెద్ద భాగం ఖర్చయ్యేది మిగతా ఇంధనాన్ని మోయడానికే. ఇంత దూరంలో చివరిదాకా ఒక టన్ను అదనంగా మోసుకెళ్లాలంటే దారిలో దాదాపు అర టన్ను కాల్చాలి.

బయల్దేరే చోటు కూడా ముఖ్యమే. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తున, ఎండలో గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ల బలమూ తగ్గుతుంది. 4,260 మీటర్ల రన్‌వే ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మాత్రం బరువు తగ్గించుకోక తప్పని రోజులుంటాయి. అప్పుడు దిగిపోయేది ఇంధనం కాదు, సరకు. లేదా ఖాళీగా వదిలేసే సీట్లు.

అందుకే అతి పొడవైన దారుల్లో డబ్బు లెక్క కుదరడం కష్టం. సింగపూర్–నెవార్క్ మధ్య 15,300 కిలోమీటర్ల దారిలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004లో మొదలుపెట్టిన సర్వీసు 2013లో ఆగిపోయింది. నాలుగు ఇంజిన్ల ఎయిర్‌బస్ ఎ340లో చివరికి వంద బిజినెస్ సీట్లే పెట్టినా గిట్టలేదు. 2018లో రెండు ఇంజిన్ల ఎ350తో అదే దారి మళ్లీ తెరిచారు. 161 సీట్లు, మామూలు ఎకానమీ తరగతి లేనే లేదు. హైదరాబాద్ విమానంలో అలా చేయడం కుదిరే పని కాదు. 238 సీట్లలో 195 ఎకానమీవే. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులూ, చదువుకు వెళ్లే విద్యార్థులూ కూర్చునేవి. పైగా వారానికి ఒక్కసారే నడిచిన విమానం. ఇక్కడి ప్రయాణికుల్లో షికాగోలోనే దిగేవారు కొందరే. మిగిలినవారికి డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా ఎలాగూ మరో విమానం దూరం. అలాంటప్పుడు మొదటి మజిలీ షికాగో అయితేనేం, దుబాయ్ అయితేనేం అన్న లెక్క సహజం. గల్ఫ్ సంస్థలు బతికేది సరిగ్గా ఆ లెక్క మీదే.

దూరం దృష్ట్యా చూసినా అది మరీ తప్పు బేరం కాదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి షికాగో 11,640. మొత్తం 14,190, నేరు దారికన్నా 900 ఎక్కువ. లండన్ మీదుగా అయితే 800 ఎక్కువ. గాల్లో ఇది గంట పని. మిగతా నాలుగైదు గంటలు ట్రాన్సిట్ హాల్లో కుర్చీల మీద కరిగిపోతాయి. అబుధాబి మీదుగా వెళ్లేవారికి అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది కాబట్టి షికాగోలో దిగాక క్యూ బాధ తప్పుతుంది; అబుధాబిలో నిలబడే క్యూ ఆ మేరకు పెరుగుతుంది.

గడియారం చెప్పే అయిదుంబావు గంటలు

2021 టైంటేబుల్ ప్రకారం హైదరాబాద్‌లో శుక్రవారం మధ్యాహ్నం 12:50కి బయల్దేరిన విమానం షికాగోలో అదే శుక్రవారం సాయంత్రం 6:05కి దిగుతుంది. గోడ గడియారాలను నమ్మితే అయిదుంబావు గంటల ప్రయాణం. వచ్చేటప్పుడు బుధవారం రాత్రి 9:30కి ఎక్కి శుక్రవారం తెల్లవారుజామున 1:40కి దిగుతారు. గురువారం దాదాపు మొత్తం గాల్లోనే పోతుంది. చలికాలంలో రెండు ఊళ్ల మధ్య తేడా పదకొండున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికా గడియారం గంట ముందుకు జరుపుతుంది కాబట్టి పదిన్నర.

ఆ మధ్యాహ్నపు విమానంలో జనవరి ప్రయాణికుడికి సూర్యుడు వింతగా కనిపిస్తాడు. కజఖ్‌స్తాన్ మీద అస్తమిస్తాడు. స్వాల్‌బార్డ్ మీద అసలే ఉండడు. అక్కడ నెలల తరబడి రాత్రే. గ్రీన్‌లాండ్ దాటి దక్షిణానికి దిగుతుంటే కెనడా మీద మధ్యాహ్నపు వేళ దక్షిణ దిక్కున మళ్లీ పైకి తేలి, షికాగో రాకముందే రెండోసారి అస్తమిస్తాడు. అదే వేళకు జూన్‌లో బయల్దేరితే దారి పొడవునా పగలే.

శరీరంలోని గడియారం ఈ చిత్రాలను పట్టించుకోదు. కొత్త వేళకు అది రోజుకు సుమారు గంట, గంటన్నర చొప్పున జరుగుతుంది. తూర్పుకు వెళ్తే ఎక్కువ కష్టం, పడమరకు వెళ్తే తక్కువ అన్న మామూలు సూత్రం ఇక్కడ అంతగా పనిచేయదు. పన్నెండు గంటలకు దగ్గరైన తేడాను శరీరం ముందుకు జరిగీ సర్దుకోవచ్చు, వెనక్కి జరిగీ సర్దుకోవచ్చు. ఎటు జరిగినా వారం, పది రోజులు. రెండు వారాల సెలవు పెట్టుకుని హైదరాబాద్ వచ్చినవారికి నిద్ర దారిన పడేసరికి తిరుగు టికెట్ తేదీ దగ్గరపడుతుంది.